పాత విండోస్‌లో ఫైలు పేరు మారకపోతే, కాపీ మధ్యలో ఆగిపోతే

తిరుపతిలో నేను పనికి వెళ్లే డీటీపీ సెంటర్లలోనూ ఫోటో స్టూడియోలలోనూ విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 కంప్యూటర్లు ఇంకా రోజువారీ పని చేస్తూనే ఉన్నాయి. పుటలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపుకు వాడే అను ఫాంట్లు, కొత్త విండోస్‌కు డ్రైవరు దొరకని పాత ప్రింటరు, ఈ మూడింటిలో ఏదో ఒకదాని కోసం యజమానులు వాటిని వదులుకోలేకపోతున్నారు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనూ, విండోస్ 7కు 2020 జనవరి 14తోనూ మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది కనుక వాటిని ఇంటర్నెట్‌కు కలపకుండా వాడుకోవడం మంచిది. ఆ విషయాన్ని అంతటితో వదిలి, ఆ కంప్యూటర్ల మీద నన్ను ఎక్కువగా పిలిపించే రెండు ఇబ్బందుల గురించి, అంటే ఫైలు పేరు మారకపోవడం, కాపీ మధ్యలో ఆగిపోవడం గురించి ఇక్కడ వివరిస్తాను.

మొదట గుర్తుంచుకోవలసినది, తెర మీద కనిపించే సందేశం విండోస్ ఎక్కడ చేతులెత్తేసిందో చెబుతుందే తప్ప ఎందుకు ఎత్తేసిందో చెప్పదు. ‘డిస్కు నిండింది’ అని వచ్చినప్పుడు డిస్కు నిజంగా నిండి ఉండకపోవచ్చు. ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని వచ్చినప్పుడు అనుమతుల గొడవే లేకపోవచ్చు. అందువల్ల సందేశాన్ని పక్కన పెట్టి, తప్పు ఫైలు పేరులో ఉందా, ఫైలు ఉన్న దారిలో ఉందా, చేరవలసిన చోటులో ఉందా, ఫైలును ఏదైనా ప్రోగ్రాము పట్టుకుని ఉందా, చివరికి డిస్కే చెడిపోయిందా అని ఈ వరుసలోనే చూసుకుంటూ రావాలి. నోట్‌ప్యాడ్‌లో ఒక్క మాట టైపు చేసి, మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాల పేరుతో దాచి, ఆ చిన్న ఫైలును మీరు అసలు ఫైలు పంపబోయిన పెన్‌డ్రైవ్‌కో మెమరీ కార్డుకో కాపీ చేసి చూడండి. అది వెళ్లిందంటే అక్కడ రాతకు అడ్డం లేదని తేలినట్లే. అప్పుడు అసలు ఫైలు పేరును, పరిమాణాన్ని అనుమానించవచ్చు. చిన్న ఫైలు కూడా వెళ్లకపోతే, మెమరీ కార్డు అయినప్పుడు దాని అడాప్టరు పక్కనున్న చిన్న తాళపు మీట కిందికి జరిగి ఉందేమో ముందు చూడండి. ఆ మీటను పైకి జరిపినందుకు డబ్బులు అడగడానికి నాకు మొహమాటంగా ఉంటుంది.

ఇంకొక నియమం కూడా ముందే చెప్పాలి. పాత విండోస్‌లో ఒక డ్రైవ్ నుంచి మరొక డ్రైవ్‌కు ఫైళ్లను ఎన్నడూ కట్ చేసి పేస్ట్ చేయకండి. విండోస్ అక్కడ చేసేది కాపీ చేసి తర్వాత మూలాన్ని తొలగించడమే కాబట్టి, మధ్యలో కరెంటు పోయినా, యూఎస్‌బీ కేబులు కదిలినా సగం ఫైళ్లు ఇక్కడ, సగం అక్కడ మిగిలి, ఏది ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. కాపీ చేసి, సరిచూసుకుని, ఆ తర్వాత తొలగించడమే క్షేమం.

పేరులోని తప్పులు

విండోస్‌లో ఫైలు పేరులో \ / : * ? " < > | అనే తొమ్మిది గుర్తులు ఉండకూడదు. మన వాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది వీటిలో గీత గుర్తు దగ్గర. చిత్తూరు వైపు మామిడి కాయల లెక్కలు రాసే ఒక అంగడిలో ‘తోతాపురి 15/06/2012’ అని తేదీతో పేరు పెట్టే అలవాటు ఉండేది. ఫోల్డర్లను తెరిచి చూపించే ఎక్స్‌ప్లోరర్‌లో అయితే ఆ గీత కొట్టగానే పసుపు రంగు బుడగలో హెచ్చరిక వస్తుంది కానీ, కొన్ని పాత ప్రోగ్రాముల సేవ్ పెట్టెలో ఆ గీతను ఫోల్డరు గుర్తుగా తీసుకుని, అటువంటి దారి లేదని చెబుతుంది. తేదీని 2012-06-15 అని సంవత్సరంతో మొదలుపెట్టి అడ్డగీతలతో రాస్తే ఇబ్బంది పోవడమే కాక, ఫైళ్లు పేర్ల వరుసలో పెట్టినప్పుడు తేదీల వరుసలోనే నిలబడతాయి.

రెండు చుక్కల గుర్తు, అంటే కోలన్, దీనికంటే ప్రమాదకరమైనది. డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో ఒకటైన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న డిస్కులో కోలన్ తర్వాతి భాగాన్ని ఫైలుకు అంటిపెట్టుకున్న రహస్యపు అరగా పరిగణిస్తారు. గుర్తులను తనిఖీ చేయని పాత ప్రోగ్రాము ‘బిల్లు:12’ అనే పేరుతో దాచిందంటే, ‘బిల్లు’ అనే పేరుతో సున్నా బైట్ల ఫైలు కనిపిస్తుంది, రాసినదంతా ఆ అరలో ఉండిపోతుంది. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయబోయినప్పుడు అదనపు సమాచారం పోతుందని హెచ్చరిక వస్తే, ఖాళీ ఫైలే కదా అని సరే నొక్కేయకండి. పెన్‌డ్రైవ్‌లో సాధారణంగా ఉండే ఫ్యాట్ అనే మరో పద్ధతిలో ఆ అరకు చోటు లేదు.

కొన్ని పేర్లు విండోస్‌కు ముందటి డాస్ కాలం నుంచి పరికరాల కోసం కేటాయించబడ్డాయి. ‘సీఓఎన్’, ‘పీఆర్ఎన్’, ‘ఏయూఎక్స్’, ‘ఎన్‌యూఎల్’ అనే మూడు ఇంగ్లీషు అక్షరాల పేర్లు, ‘కామ్’ అనే మాటకు 1 నుంచి 9 వరకు అంకె చేర్చినవి, ‘ఎల్‌పీటీ’కి అదే విధంగా అంకె చేర్చినవి ఫైలుకు గాని ఫోల్డరుకు గాని పెట్టడం కుదరదు. వెనుక ఏ ఎక్స్‌టెన్షన్, అంటే పేరు చివర చుక్క తర్వాత వచ్చే భాగం, తగిలించినా ఫలితం మారదు. కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌ను ‘సీఓఎన్’ అని మూడక్షరాలకు కుదించి ఫోల్డరు చేయబోయిన గుమాస్తాలను నేను చూశాను. నాలుగో అక్షరం చేరిస్తే పని జరిగిపోతుంది.

ఎక్స్‌టెన్షన్ల విషయంలో ఎక్స్‌పీకి, విండోస్ 7కు ఒక తేడా ఉంది. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకున్న ఎక్స్‌పీలో ఎఫ్2 నొక్కితే పేరుతో పాటు ఎక్స్‌టెన్షన్ కూడా ఎంపిక అవుతుంది. దాని మీద కొత్త పేరు టైపు చేస్తే ఎక్స్‌టెన్షన్ తుడిచిపెట్టుకుపోయి ఫైలు ఏ ప్రోగ్రాముతోనూ తెరుచుకోదు. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టా నుంచి పేరు భాగం మాత్రమే ఎంపిక అయ్యేలా మార్చారు. పొరపాటు జరిగితే వెంటనే కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కండి, పాత పేరు తిరిగి వస్తుంది.

తెలుగు పేర్ల సంగతి

ఈ భాగాన్ని కొంత నిదానంగా చదవాలి, ఎందుకంటే ఇంగ్లీషు సహాయ పుటల్లో ఇది దొరకదు.

అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కనిపించే తెలుగు, కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు తెలుగు బొమ్మలు తొడిగిన ఏర్పాటు మాత్రమే. శుభలేఖలోని శీర్షికను అక్కడ కాపీ చేసి ఫైలు పేరుగా పేస్ట్ చేస్తే అర్థం లేని గుర్తుల వరుస వస్తుంది. అందులో నిషిద్ధమైన గుర్తు ఒక్కటి దొర్లినా విండోస్ ఆ పేరును ఒప్పుకోదు. ఫైలు పేరు తెలుగులో కావాలంటే, తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఉన్న యూనికోడ్ కీబోర్డుతోనే టైపు చేయాలి. ఎక్స్‌పీలో అందుకు కంట్రోల్ ప్యానెల్‌లోని రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌కు వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్టుల మద్దతును టిక్కు పెట్టి ఎక్కించుకోవాలి. ఎక్స్‌పీతో వచ్చే గౌతమి ఫాంటు అక్షరాలను చూపిస్తుంది.

యూనికోడ్ పేరు పెట్టిన తర్వాత రెండో చిక్కు వస్తుంది. పాత ప్రోగ్రాములు చాలావరకు విండోస్ కోడ్ పేజీల మీద, అంటే ఒక్కో లిపి అక్షరాలకు సంఖ్యలు కేటాయించిన పాత పట్టికల మీద, ఆధారపడి రాసినవి. తెలుగుకు అటువంటి కోడ్ పేజీ ఎన్నడూ లేదు. అందువల్ల ఆ ప్రోగ్రాము మీ ఫైలు పేరును ప్రశ్నార్థకాల వరుసగా చూస్తుంది. ప్రశ్నార్థకం నిషిద్ధ గుర్తులలో ఒకటి కావడం వల్ల, తాను చూసిన పేరుతో తానే ఆ ఫైలును తెరవలేక, ఫైలు లేదని చెబుతుంది. ఫైలు క్షేమంగానే ఉంటుంది. పేరును ఇంగ్లీషు అక్షరాలలోకి మార్చి తెరవండి. పేజ్‌మేకర్ ఫైళ్లకు, అందులో అతికించే బొమ్మలకు మొదటి నుంచీ ఇంగ్లీషు అక్షరాల పేర్లే పెట్టుకుని, తెలుగు పేరును పై ఫోల్డరుకు కూడా పెట్టకపోవడం నా సలహా. దారిలో ఏ ఒక్క మజిలీ తెలుగులో ఉన్నా ఇదే ఇబ్బంది వస్తుంది.

కంటికి ఒకే పేరుగా కనిపించే రెండు ఫైళ్లు ఒకే ఫోల్డరులో ఉండటం మరో వింత. ‘వర్క్‌షాపు’ వంటి మాటల్లో అక్షరాలు కలిసిపోకుండా టైపు చేసేవారు మధ్యలో కనిపించని విభజన గుర్తు వేస్తారు. ఒక పేరులో అది ఉండి, మరొక పేరులో మరోచోట అదనంగా పడితే, విండోస్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. అదే విధంగా ‘వైకుంఠ ఏకాదశి’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తులుగానూ రాయవచ్చు. పాత మ్యాక్ కంప్యూటర్లు దానిని రెండుగా విడదీసి దాచేవి, విండోస్ ఉన్నది ఉన్నట్లు ఉంచుతుంది. స్టూడియోలో మ్యాక్ మీద చేసిన ఆల్బమును విండోస్‌లోని అదే పేరు ఫోల్డరు మీదికి కాపీ చేస్తే, పాతదాని స్థానంలో రాయాలా అని అడగకుండా పక్కనే రెండోది పుట్టడానికి కారణం ఇదే. ఒకదాని పేరును పూర్తిగా చెరిపి, చేత్తో కొత్తగా టైపు చేయడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

ఎక్స్‌పీ, విండోస్ 7లలో ఉన్న జిప్ సదుపాయం కూడా తెలుగు పేర్లను ఒప్పుకోదు. ఆ అక్షరాలను కుదించిన ఫోల్డరులో వాడలేమని చెప్పి ఆగిపోతుంది. 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రాము ఆ పని చేస్తుంది.

దారి పొడవు

ఫైలు పేరు చిన్నదే అయినా కాపీ కాకపోతే పూర్తి దారిని కొలవాలి. డ్రైవ్ అక్షరం, కోలన్, ఫోల్డర్ల పేర్లు, మధ్య గీతలు, ఫైలు పేరు, చివర కనిపించని ముగింపు గుర్తు అన్నీ కలిపి 260 గుర్తులకు మించకూడదు. ఇందులో తెలుగువారికి ప్రత్యేకంగా నష్టం ఉంది. ‘బ్రహ్మోత్సవాలు’ అనే మాటలో మన కంటికి కనిపించేవి 5 అక్షరాలు. విండోస్ లెక్కలో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు దేనికదే ఒకటి కాబట్టి అది 14. ఒక్క ‘శ్రీ’కి 4. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, కల్యాణ మండపం పేరు, తేదీ అన్నీ ఒక ఫోల్డరుకు పెట్టి, దానిలో ‘ముహూర్తం’, దానిలో ‘ఎంపిక చేసిన ఫోటోలు’ అని పేర్చుకుంటూ పోతే 260 నిండడానికి ఎంతో సేపు పట్టదు.

ఈ తప్పును పసిగట్టడం ఎందుకు కష్టమంటే, కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే నల్లటి కిటికీలో, ఫైళ్లు కాపీ చేసే ‘ఎక్స్‌కాపీ’ ఆదేశం 254 గుర్తులు దాటిన దారి ఎదురైనప్పుడు జ్ఞాపకశక్తి చాలలేదని, ‘ఇన్‌సఫిషియంట్ మెమరీ’ అని చెబుతుంది. ఆ మాట నమ్మి ర్యామ్ కొన్నవారూ ఉన్నారు. పరిష్కారం సులభమే. లోపల చిక్కుకున్న ఫైలు జోలికి పోకుండా, దారిలో అన్నింటికంటే పైనున్న ఫోల్డరు పేరును రెండు మూడు అక్షరాలకు కుదించండి. లోపలి దారులన్నీ దానితో పాటు తగ్గిపోతాయి. పై ఫోల్డరు పేరు మార్చడానికి వీలు లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘సబ్‌స్ట్’ ఆదేశంతో లోపలి ఫోల్డరుకు ఒక తాత్కాలిక డ్రైవ్ అక్షరం ఇచ్చి, ఆ డ్రైవ్ నుంచి కాపీ చేసుకోండి.

చోటు ఉన్నా చోటు లేదనడం

ఒక స్టూడియో అతను పెళ్లి వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ ఫోను చేశాడు. “పదహారు జీబీ పెన్‌డ్రైవ్, ఖాళీదే. అయినా చోటు లేదంటా ఉండాదన్నా,” అన్నాడు. వీడియో ఎంత ఉందని అడిగితే అయిదు జీబీకి కొంచెం ఎక్కువ అన్నాడు. అంతే సంగతి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్కొక్క ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ వరకే, అంటే 4,294,967,295 బైట్ల వరకే ఉండగలదు. విండోస్ 7 ఈ కారణాన్ని సూటిగానే చెబుతుంది. ఎక్స్‌పీ మాత్రం డిస్కులో చోటు లేదని తప్పుదారి పట్టిస్తుంది.

దీనికి మూడు మార్గాలు ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చవచ్చు. ‘కన్వర్ట్’ ఆదేశం లోపలి ఫైళ్లను చెరపకుండానే ఆ పని చేస్తుంది కానీ, వెనక్కు రావాలంటే మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయవచ్చు. విండోస్ 7కు అది తెలుసు, ఎక్స్‌పీకి మాత్రం అదనపు అప్‌డేటు ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌ను పెళ్లివారు పాత టీవీకి తగిలించి చూస్తారని తెలిస్తే నేను ఈ రెండింటినీ వద్దంటాను, ఎందుకంటే చాలా పాత టీవీలు, డీవీడీ ప్లేయర్లు ఫ్యాట్32ను తప్ప మరొకదాన్ని చదవవు. వీడియోను ముహూర్తం ముందు, ముహూర్తం తర్వాత అని రెండు ఫైళ్లుగా విడగొట్టి ఇవ్వడం మంచిది.

పాత 2 జీబీ మెమరీ కార్డులలో ఇంకొక రకం చోటు లేమి ఉంది. అవి సాధారణంగా ఫ్యాట్16లో ఉంటాయి. ఆ పద్ధతిలో ఏ ఫోల్డరులోనూ పెట్టకుండా నేరుగా కార్డు మొదట్లో పెట్టే ఫైళ్ల పట్టికకు 512 గళ్లే ఉంటాయి. ఫైలుకు ఒక గడి, దాని పొడవాటి పేరులో ప్రతి 13 గుర్తులకు మరొక గడి చొప్పున ఖర్చవుతాయి. గంగజాతర ఫోటోలకు తెలుగులో పేర్లు పెట్టి కార్డులో నేరుగా పోస్తే, పేరు ఒక్కొక్కటి ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 14 నుంచి 26 గుర్తుల మధ్య ఉన్నప్పుడు ఫోటోకు మూడు గళ్లు పోయి, 170 ఫోటోల దగ్గర పట్టిక నిండిపోతుంది. కార్డు సగానికి పైగా ఖాళీగా ఉన్నా ఫైలును సృష్టించలేమని సందేశం వస్తుంది. కార్డులో ఒక ఫోల్డరు చేసి ఫోటోలన్నీ అందులో పెట్టండి. లోపలి ఫోల్డర్లకు ఆ 512 హద్దు లేదు.

ఫైలును పట్టుకున్నది ఎవరు

పేరు, దారి, చోటు అన్నీ సరిగా ఉండి కూడా, మరొకరు గాని మరొక ప్రోగ్రాము గాని వాడుతున్నదని వస్తే, ఆ ప్రోగ్రామును మూసి మళ్లీ ప్రయత్నించండి. మూసినా వదలకపోతే టాస్క్ మేనేజర్‌లోని ప్రాసెస్‌ల పట్టికలో అది ఇంకా కనిపిస్తుందేమో చూడండి. తరచుగా దోషి ఎక్స్‌ప్లోరరే అయి ఉంటుంది. ఎక్స్‌పీలో ఏవీఐ వీడియోను ఒకసారి నొక్కగానే దాని నిడివి, కొలతలు చదవడానికి ఎక్స్‌ప్లోరర్ దానిని తెరుస్తుంది. వీడియో అసంపూర్ణంగా ఉంటే చదవడం ముగియక, మీరు పేరు మార్చబోయినప్పుడు అడ్డం పడుతుంది. ఆ కిటికీని మూసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఆర్‌ఈఎన్’ ఆదేశంతో పేరు మార్చండి. విండోస్ 7లో నెట్‌వర్కు ఫోల్డరు పేరు మారకపోతే, అందులో సూక్ష్మచిత్రాల కోసం పుట్టే ‘థంబ్స్ డీబీ’ అనే దాచిన ఫైలును అనుమానించండి. చూసే పద్ధతిని డీటెయిల్స్‌కు మార్చి, ఆ ఫోల్డరు నుంచి బయటికి వచ్చి, కొంతసేపు ఆగి మార్చితే సాధారణంగా ఒప్పుకుంటుంది.

రెండు మూడు కంప్యూటర్లు కలిపి ఉన్న చోట, ఫైలు ఉన్న కంప్యూటరులో మై కంప్యూటర్ మీద కుడి బటను నొక్కి మేనేజ్‌కు వెళ్లి, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూస్తే ఎవరు తెరిచి ఉంచారో కనిపిస్తుంది. గట్టిగా అడిగి కనుక్కోవడం కంటే ఇది మర్యాదగా ఉంటుంది.

ఏ ప్రోగ్రామూ పట్టుకోకపోయినా ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని వస్తే, పాత విండోస్‌ను తీసి మళ్లీ ఎక్కించిన తర్వాత పాత ఖాతాకు చెందిన ఫైళ్లు మిగిలాయేమో ఆలోచించండి. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో, ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబు ద్వారా ఆ ఫైళ్ల యాజమాన్యాన్ని (ఓనర్‌షిప్‌ను) తీసుకుంటే అవి లొంగుతాయి. ఎక్స్‌పీ హోమ్‌లో ఆ ట్యాబు సేఫ్ మోడ్‌లో మాత్రమే కనిపిస్తుంది. ఫైలు పేరు ఆకుపచ్చ రంగులో ఉంటే మాత్రం అది ఎన్‌క్రిప్ట్ అయినది, అంటే పాత ఖాతా తాళంతో మూసినది. పాత ఖాతా తాళపు సర్టిఫికెట్టు లేకుండా యాజమాన్యం తీసుకున్నా ఉపయోగం లేదు.

డిస్కే చెడినప్పుడు

‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అనే మాటలు కనిపిస్తే అది డిస్కులో రాసినది సరిగ్గా చదవలేకపోతున్నానని అర్థం. సీడీ అయితే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, వేరే డ్రైవులో పెట్టి చూడండి. హార్డ్ డిస్కు అయితే పదే పదే ప్రయత్నించకండి, ముందుగా డిస్కును సరిచేసే ‘చెక్‌డిస్క్’ను కూడా నడపకండి, ప్రాణం మీదికి వచ్చిన డిస్కును ఆ పరీక్ష గంటల తరబడి తిప్పుతుంది. చదవగలిగినవన్నీ ముందు బయటికి తెచ్చుకోండి. విండోస్ 7లోని ‘రోబోకాపీ’ ఆ పనికి చక్కగా పనికివస్తుంది కానీ, దాని సహజ స్వభావం ఒక చెడ్డ ఫైలు మీద 30 సెకన్ల విరామంతో పది లక్షల సార్లు ప్రయత్నించడం. ఆదేశం చివర చేర్చే స్విచ్‌లలో ఆర్ అనే దానికి 1, డబ్ల్యూ అనే దానికి 1 ఇచ్చి నడిపితే చెడినదాన్ని వదిలి ముందుకు సాగుతుంది.

ఎక్స్‌పీలో వేల ఫైళ్లు కాపీ చేస్తున్నప్పుడు ఒక్క ఫైలు దగ్గర తప్పు వచ్చినా మొత్తం కాపీ అక్కడితో రద్దవుతుంది; వదిలేసి ముందుకు పోవాలా అని అడిగే మర్యాద విస్టాతోనే వచ్చింది. అటువంటప్పుడు అడ్డుపడిన ఫైలును మూలంలో వేరే ఫోల్డరుకు జరిపి, చేరిన చోట చివరగా రాసిన ఫైలు సగంలో ఆగి ఉండవచ్చు కాబట్టి దానిని తొలగించి, మళ్లీ మొత్తాన్ని కాపీ చేసి పేస్ట్ చేయండి. పాతదాని మీద రాయాలా అని అడిగే పెట్టెలో అన్నింటికీ వద్దు అనే బటను ఉండదు. షిఫ్ట్ కీ పట్టుకుని ‘నో’ నొక్కితే అదే అన్నింటికీ వర్తిస్తుంది, మిగిలినవి మాత్రమే కాపీ అవుతాయి.

పూర్తయ్యాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ తెరిచి, ఫైళ్ల సంఖ్యను, సైజు వరుసలోని బైట్లను అంకె అంకెగా పోల్చండి. సైజ్ ఆన్ డిస్క్ అనే వరుస డిస్కును బట్టి మారుతుంది కనుక దానిని పట్టించుకోనవసరం లేదు. పెళ్లి ఆల్బమ్ వంటి మళ్లీ దొరకని ఫైళ్లైతే ‘ఎఫ్‌సీ’ ఆదేశానికి బీ అనే స్విచ్ చేర్చి, బైటు బైటూ సరిచూడండి. తేడాలు లేవని తేలిన తర్వాతే మూలాన్ని తొలగించండి.